డబ్బా మీద 4000, బకెట్‌లో 1500: పెద్ద అక్వేరియానికి పంపు ఎంచుకోవడం ఎలా

540 లీటర్ల ట్యాంకు కొత్తగా పెట్టినప్పుడు గంటకు 4000 లీటర్లు తోడే పంపు తెచ్చాను. డబ్బా మీద ఆ అంకె అంత పెద్దగా, అంత ధీమాగా ఉంది మరి. బిగించి స్విచ్ వేశాక పైపు చివర నీళ్లు పడుతున్న తీరు చూస్తే అనుమానమొచ్చింది. పది లీటర్ల బకెట్ ఒకటి పట్టుకుని, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి కొలిచాను. బకెట్ నిండటానికి 24 సెకన్లు పట్టింది. 10ని 24తో భాగించి 3600తో గుణిస్తే గంటకు 1500 లీటర్లు. సగం కూడా లేదు. అమ్మినతన్ని రెండు రోజులు తిట్టుకున్నాను. మూడో రోజు తెలిసింది, పంపులో ఏ లోపమూ లేదని. పాత ట్యాంకు దగ్గర మిగిలిపోయిన 16 మిల్లీమీటర్ల గొట్టాన్ని రెడ్యూసర్ (లావు మూతికి సన్న గొట్టం అతికే ముక్క) పెట్టి మరీ దానికి తగిలించింది నేనే.

చిన్న ట్యాంకుల్లో ఈ గొడవ ఉండదు. పంపు, ఫిల్టరు అన్నీ ట్యాంకులోనే ఉంటాయి, నీళ్లు ఎక్కడికీ ఎక్కక్కర్లేదు, ఏది కొన్నా దాదాపు సరిపోతుంది. 300, 400 లీటర్లు దాటి కింద సంప్ పెట్టుకున్నాకే లెక్కలు మొదలవుతాయి. సంప్ అంటే ఇక్కడ ట్యాంకు కింద స్టాండులో పెట్టే రెండో తొట్టి. పైనుంచి పొర్లిన నీళ్లు పైపులో దిగి, స్పాంజీలు, బ్యాక్టీరియా పెరగడానికి వేసే బయో మీడియా దాటుకుని దాని చివరి గదిలోకి చేరతాయి. ఆ గదిలో కూర్చున్న పంపు వాటిని మళ్లీ పైకి ఎక్కిస్తుంది. దాన్నే రిటర్న్ పంపు అంటారు. మనం కొట్లో "ఇన్ని లీటర్ల ట్యాంకుకి ఎంత పంపు కావాలి?" అని అడుగుతాం. అడగాల్సింది "ఇంత ఎత్తుకి, ఇంత లావు పైపులోంచి, గంటకు ఇన్ని లీటర్లు ఏ పంపు ఇస్తుంది?" అని. ఆ మూడు ఖాళీలూ నింపుకుని వెళ్తే పంపు దానంతటదే దొరుకుతుంది.

డబ్బా మీద రెండు అంకెలు

ప్రతి పంపు మీదా రెండు అంకెలుంటాయి. ఒకటి క్యూ మ్యాక్స్, గంటకు ఎన్ని లీటర్లు అన్నది. రెండోది హెచ్ మ్యాక్స్, ఎన్ని మీటర్ల ఎత్తుకి అన్నది. రెండూ నిజమే, కానీ రెండూ ఒకేసారి నిజం కావు. 4000 లీటర్లు, 3 మీటర్లు అని ఉంటే, ఆ పంపు 4000 లీటర్లను 3 మీటర్ల ఎత్తుకి పంపుతుందని కాదు. పైపు లేకుండా, ఎత్తు ఏమీ లేకుండా నీళ్లలో వదిలేస్తే 4000 తిప్పుతుంది. 3 మీటర్ల పైపు నిలువుగా పెడితే నీళ్లు అంతవరకూ ఎక్కి అక్కడే ఆగిపోతాయి, చుక్క కూడా బయటికి రాదు. మన ట్యాంకు ఎప్పుడూ ఈ రెండు కొసల మధ్యలో ఎక్కడో ఉంటుంది.

ఎక్కడుందో చెప్పేది పంపు గ్రాఫ్. ఒక పక్క ఎత్తు, ఇంకో పక్క ప్రవాహం వేసి గీసిన వంపు గీత. మంచి తయారీదారులు దాన్ని డబ్బా మీదో, కాగితంలోనో వేస్తారు. నా మటుకు నేను గ్రాఫ్ లేని పెద్ద పంపు కొనను. గ్రాఫ్ దొరకనప్పుడు మోటుగా ఒక లెక్క వేసుకోవచ్చు: మన ఎత్తు హెచ్ మ్యాక్స్‌లో ఎంత భాగమో, ప్రవాహంలో అంత భాగం పోయిందనుకోవడం. 3 మీటర్ల పంపుకి మన అవసరం ఒకటిన్నర మీటరైతే సగం పోయినట్టు, 4000లో మిగిలేది 2000. చాలా పంపుల అసలు గీత దీనికి కాస్త పైనే నడుస్తుంది కాబట్టి ఈ లెక్క వేసుకుని కొంటే తక్కువ పడే భయం తక్కువ.

ఎత్తు ఎక్కడి నుంచి ఎక్కడికి?

టేపు పట్టుకున్నప్పుడు చాలామంది తడబడేది ఇక్కడే. పంపు సంప్ అడుగున ఉంది కాబట్టి అడుగు నుంచి కొలుస్తారు. అది తప్పు. సంప్‌లో ఉన్న నీరు తన బరువుతో పంపు మీద ఒత్తుతూ, తన మట్టం దాకా ఎక్కించే పని తనే చేసి పెడుతుంది. పంపు మోయాల్సింది సంప్ నీటి మట్టం నుంచి పై ట్యాంకు నీటి మట్టం వరకే. పంపుని సంప్‌లో ఇంకో పది సెంటీమీటర్లు లోతుకి దించినా, పైకి లేపినా ఈ ఎత్తు మారదు. పైపు ట్యాంకు అంచు మీదుగా ఎక్కి మళ్లీ నీటిలోకి దిగితే, ఆ అంచు ఎత్తు కూడా లెక్కలోకి రాదు. పైపు నిండా నీరున్నంతసేపు అవతలి వైపు దిగే నీరు లాగుతూ ఉంటుంది కాబట్టి చెల్లుకి చెల్లు. పైపు చివర నీటికి పైన గాల్లో ఉండి ధార కింద పడుతుంటే మాత్రం ఆ చివర వరకూ కొలవాలి.

నా స్టాండు 80 సెంటీమీటర్లు, ట్యాంకులో నీరు 55, సంప్‌లో నీటి మట్టం నేల నుంచి 25. అంటే 135లోంచి 25 తీసేస్తే 110 సెంటీమీటర్లు. ఇంత పెద్ద ట్యాంకుకి ఎత్తు ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే.

క్యానిస్టర్ ఫిల్టరు వాడేవాళ్లకి ఈ ఎత్తు దాదాపు సున్నా అని చెబితే నమ్మరు. ట్యాంకు నుంచి నీరు ఒక గొట్టంలో దిగి, మూత బిగించిన డబ్బా దాటి, ఇంకో గొట్టంలో అదే ట్యాంకుకి ఎక్కుతుంది. మధ్యలో ఎక్కడా గాలి లేదు. దిగే నీటి బరువు, ఎక్కే నీటి బరువు తక్కెడలో రెండు సమానమైన రాళ్లలా ఉంటాయి. పంపు తట్టుకోవాల్సింది గొట్టాల రాపిడి, మీడియా అడ్డు మాత్రమే. కాకపోతే ఆ అడ్డు రోజురోజుకీ పెరిగేది. ఖాళీ డబ్బాతో కొలిచిన అంకెని డబ్బా మీద వేసేవాళ్లూ ఉన్నారు. లోపల స్పాంజీ, ఫ్లాస్ అనే దూది కూరి, అవి నెలరోజుల చెత్త పట్టాక ఆ అంకెతో పనేముంది?

అసలు దొంగ పైపు

ఎత్తు టేపుకి దొరుకుతుంది. రాపిడి కంటికి కనపడదు, అందుకే దాన్ని వదిలేస్తాం. నా 1500 లీటర్ల కథలో నీళ్లు ఎక్కువగా మింగింది ఇదే.

గంటకు 2000 లీటర్లు పారించాలనుకుందాం. లోపలి వ్యాసం 32 మిల్లీమీటర్లున్న నున్నటి పైపులో అయితే ప్రతి మీటరు పొడవుకీ సుమారు 2 సెంటీమీటర్ల ఎత్తుకి సమానమైన ఒత్తిడి పోతుంది. అదే 25 మిల్లీమీటర్ల పైపులో 6 సెంటీమీటర్లు. 20లో 18. 15లో ఏకంగా 70. వ్యాసం సగమైతే నష్టం రెట్టింపో నాలుగింతలో అవుతుందనుకుంటాం. అదే నీటిని పంపాలంటే అది దాదాపు 32 రెట్లవుతుంది, ఎందుకంటే రాపిడి వ్యాసం ఐదో ఘాతానికి విలోమంగా నడుస్తుంది. పైపులో నీటి రాపిడి లెక్కకి ఇవాళ్టికీ వాడే సూత్రం 19వ శతాబ్దం నాటిది. అందులో డార్సీ, వైస్‌బాక్ అని ఇద్దరి పేర్లుంటాయి. వాళ్లలో హెన్రీ డార్సీ ఫ్రాన్స్‌లోని డిజాన్ నగరానికి మంచినీళ్లు తెచ్చిన ఇంజనీరు. ఊరికి పనికొచ్చిన లెక్క మన గాజు తొట్టికి పనికిరాకుండా పోతుందా.

ఇక ఎల్బోలు. ఒక 90 డిగ్రీల ఎల్బో దాదాపు 30 వ్యాసాల పొడవున్న నేరు పైపుతో సమానం అన్నది మోటు లెక్క. 25 మిల్లీమీటర్ల పైపులో ఒక ఎల్బో అంటే 75 సెంటీమీటర్ల పైపు అదనంగా వేసినట్టే. నా దగ్గర పైపు రెండు మీటర్లు, ఎల్బోలు నాలుగు. ఎల్బోలే మూడు మీటర్ల పైపుతో సమానం, అంటే అసలు పైపుని మించిపోయాయి. మొత్తం ఐదు మీటర్లు, మీటరుకి 6 చొప్పున 30 సెంటీమీటర్లు. పైపు నుంచి నీరు బయటికి దూసుకొచ్చే చోట ఇంకో ఆరేడు. 110కి ఇవన్నీ కలిపితే 150 దగ్గర తేలుతుంది. అంటే నాకు కావలసింది "4000 లీటర్ల పంపు" కాదు, "ఒకటిన్నర మీటరు దగ్గర 2000 ఇచ్చే పంపు". అదే పని 20 మిల్లీమీటర్ల పైపుతో చేస్తే రాపిడే 80 దాటుతుంది, దానికోసం ఇంకో సైజు పెద్ద పంపు కొని జీవితాంతం దాని కరెంటు కట్టాలి.

పైపు కొనేటప్పుడు లోపలి వ్యాసం అడగండి. పీవీసీ పైపుల మీద రాసేది చాలాసార్లు బయటి కొలత, గోడ మందం పోను లోపల మిగిలేది తక్కువ. ముడతలున్న గొట్టం వంగడానికి సుఖంగా ఉంటుంది కానీ నున్నటి దానికంటే బాగా ఎక్కువ అడ్డుకుంటుంది. పంపు మూతి ఎంత ఉంటే పైపు కనీసం అంత ఉండాలి, ఒక సైజు ఎక్కువైతే ఇంకా మంచిది. మలుపు తిప్పక తప్పదనుకుంటే ఒక 90 బదులు రెండు 45లు వేయండి, లేదా మెత్తటి హోస్‌ని పెద్ద వంపుతో తిప్పండి. నేను ఆ 16 గొట్టం పీకేసి 25 పైపు వేశాక అదే పంపు, అదే బకెట్. 15 సెకన్లు. అంటే గంటకు 2400.

ఎన్ని లీటర్లు తిరగాలి?

ఈ ప్రశ్నకి "గంటకు ట్యాంకు నీటికి పది రెట్లు" అనే సమాధానం ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఆ పదీ ఏ పనికో చెప్పరు. ట్యాంకులో నీరు రెండు పనులకి కదలాలి. మొదటిది ఫిల్టరు దాటడం: చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాని మీడియాలోని బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చాలి. రెండోది ట్యాంకు లోపల తిరగడం: మూలల్లో చెత్త పేరుకోకుండా, పైమట్టం కదిలి ఆక్సిజన్ కలిసేలా, పగడాలుంటే వాటి మీద నీరు ఒరుసుకుంటూ పోయేలా. మొదటి దానికి గంటకు నాలుగైదు రెట్లు చాలు. రెండో దానికి మంచినీటి ట్యాంకులో కొద్దిపాటి అలజడి సరిపోతుంది, పగడాల ట్యాంకులో గంటకు 20 నుంచి 40 రెట్లు, రకాన్ని బట్టి ఇంకా పైనే కావచ్చు.

ఈ రెండు పనుల్నీ ఒకే రిటర్న్ పంపు నెత్తిన పెడితేనే తంటా. 450 లీటర్ల నీటిని ఇరవై రెట్లు తిప్పాలంటే గంటకు 9000 లీటర్లు కిందికి దించి పైకి ఎక్కించాలి. ఎందుకు ఎక్కించాలి? నీరు ట్యాంకులోనే గిర్రున తిరిగితే చాలు కదా. దానికి వేవ్‌మేకర్లని ప్రొపెల్లర్ పంపులు వేరే ఉన్నాయి. అవి ఒత్తిడి పుట్టించవు, ఎత్తు ఎక్కించలేవు, కానీ కొద్దిపాటి వాట్లతో వేల లీటర్లు కదుపుతాయి. సైకిల్ పంపుకీ సీలింగ్ ఫ్యానుకీ ఉన్న తేడా అనుకోండి. ఫ్యానుతో ట్యూబులో గాలి కొట్టలేం, సైకిల్ పంపుతో గది చల్లబడదు.

చేపల్ని బట్టి కూడా లెక్క మారుతుంది. డిస్కస్, ఏంజెల్ లాంటివి నెమ్మది నీటిలో బతికే వెడల్పాటి చేపలు. ధార నేరుగా తగిలితే రోజంతా ఈదలేక మూలకి నక్కుతాయి. పొడుగు తోకల గోల్డ్‌ఫిష్ ఇంకా పాపం. కొండ వాగుల్లో రాళ్లని అంటిపెట్టుకుని బతికే లోచ్‌లకి అదే ధార కావాలి. పంపు తగ్గించక్కర్లేదు, ధారని రెండు మూతులుగా చీల్చినా, రంధ్రాలున్న స్ప్రే బార్ పెట్టినా ప్రవాహం అంతే ఉండి ఉధృతి తగ్గుతుంది.

లీటర్లు గుణించే ముందు ట్యాంకులో నిజంగా ఎంత నీరుందో చూసుకోండి. 150, 60, 60 సెంటీమీటర్లు గుణిస్తే 540 లీటర్లు. పైన ఐదు సెంటీమీటర్లు ఖాళీ, అడుగున ఇసుక, మధ్యలో రాళ్లు, దుంగలు తీసేస్తే 450 దగ్గరికి వస్తుంది. నాలుగైదు రెట్లు అంటే 1800 నుంచి 2250. ఇందాకటి నుంచి 2000 అంటున్నది అందుకే.

దీనికో పై హద్దు కూడా ఉంది, చాలామంది మర్చిపోయేది. కిందికి దిగే నీటిని ఏ పంపూ లాగడం లేదు, అది తన బరువుతో తనే దిగుతోంది. దిగే పైపు గంటకు 2000 తీసుకోగలిగితే మీరు 3000 పైకి పంపినా ఆ మిగతా వెయ్యి లీటర్లు ట్యాంకు అంచు దాటి నేల మీదికే. గాలీ నీరూ కలిసి దిగే మామూలు స్టాండ్‌పైపు (నిలువుగా పెట్టిన దిగే పైపు) అంగుళం సైజులో గంటకు సుమారు 2000 లీటర్ల దగ్గర గురగురలాడటం మొదలుపెడుతుంది. గేట్ వాల్వ్‌తో సర్ది, పైపు నిండా నీరే ఉండేలా సైఫన్‌గా నడిపితే అదే సైజు పైపు అంతకంటే చాలా ఎక్కువ మింగుతుంది, చప్పుడూ ఉండదు. కానీ అలా నడిపే పైపులో ఒక నత్త ఇరుక్కుంటే దిక్కు లేదు కాబట్టి పక్కన ఎప్పుడూ ఖాళీగా ఉండే రెండో పైపు తప్పనిసరి. పంపు కొనే ముందు దిగే పైపు సంగతి తేల్చుకోండి. పంపుని మార్చుకోవచ్చు, గాజుకి పెట్టిన రంధ్రాన్ని మార్చలేం.

ఏసీ, డీసీ

ఏసీ పంపులో ఉండేది ఒక అయస్కాంతం, దానికి అతికిన రెక్కలు, సిరామిక్ ఇరుసు. చుట్టూ ఎపాక్సీ పోసి మూసేసిన కాయిల్. అయస్కాంతం కరెంటు లయకి తాళం వేస్తూ తిరుగుతుంది. 50 హెర్ట్జ్ కరెంటులో నిమిషానికి 3000 చుట్లు, 60 హెర్ట్జ్‌లో 3600. అందుకే ఒకే పంపుకి రెండు రకాల అంకెలు కనిపిస్తాయి, మీ కరెంటుకి తగ్గది చూసుకోవాలి. మామూలు చిన్న ఏసీ పంపుకి ఎటు తిరగాలో కూడా పట్టింపు ఉండదు, స్విచ్ వేసినప్పుడు ఏ వైపు మొదలైతే ఆ వైపే. రెక్కలు వంపు లేకుండా తిన్నగా ఉండటానికి కారణం అదే, సామర్థ్యం తక్కువ కావడానికి ఒక కారణం కూడా అదే. కానీ మొండి ఘటాలు. శుభ్రం చేస్తూ ఉంటే ఏళ్ల తరబడి నడుస్తాయి.

డీసీ పంపుకి కంట్రోలర్ ఉంటుంది. వేగం మార్చుకోవచ్చు, మేత వేసేటప్పుడు పది నిమిషాలు ఆపే బటన్ ఉంటుంది, నెమ్మదిగా మొదలవుతుంది, నీళ్లు అయిపోతే చాలావాటిలో దానంతటదే ఆగుతుంది. కరెంటు తక్కువ తింటుంది. పాడైతే చాలాసార్లు పంపు బాగానే ఉండి కంట్రోలరో అడాప్టరో పోతుంది, అవి విడిగా దొరకకపోతే మొత్తం పోయినట్టే. కొనేముందు స్పేర్లు ఉన్నాయా అని అడగడానికి మొహమాటపడకండి.

డీసీలో ఒక గోతి ఉంది. వేగం తగ్గిస్తే ప్రవాహం ఆ మేరకే తగ్గుతుందని అనుకుంటాం. ప్రవాహం వేగంతో సమానంగా తగ్గుతుంది, నిజమే, కానీ పంపు ఎక్కించగల ఎత్తు వేగం వర్గంతో తగ్గుతుంది, పట్టే కరెంటు ఘనంతో. 4 మీటర్ల హెచ్ మ్యాక్స్ ఉన్న పంపు వేగాన్ని సగం చేస్తే అది ఎక్కించగలిగేది ఒక మీటరే. నా ట్యాంకుకి నీరు ఎక్కాల్సిన ఎత్తు 110 సెంటీమీటర్లు. పంపు లోపల నిక్షేపంగా తిరుగుతుంటుంది, పైన చుక్క పడదు. మనం పంపు చెడిపోయిందనుకుంటాం. కాబట్టి "పెద్దది కొని తగ్గించుకుంటాలే" అనే సలహా ఒక హద్దు వరకే పనికొస్తుంది. 80 శాతం వేగంలో మీకు కావలసిన ప్రవాహం వచ్చేలా కొంటే చక్కగా కుదురుతుంది: కరెంటు దాదాపు సగానికి దిగుతుంది, పైపులో నాచు పట్టినప్పుడు పెంచుకోవడానికి ఇంకా చోటుంటుంది.

ఏసీ పంపు ప్రవాహం తగ్గించాలంటే బయటికి వచ్చే వైపు వాల్వ్ పెట్టి తిప్పాలి. లోపలికి పీల్చే వైపు ఎప్పుడూ మూయకూడదు. అక్కడ నొక్కితే పంపు నీరందక గొంతు పట్టినట్టు అరుస్తుంది, రెక్కల దగ్గర బుడగలు పుట్టి పగులుతూ వాటిని తినేస్తాయి.

వాట్లు, వేడి

రిటర్న్ పంపుకి సెలవు లేదు. ఏడాదికి 8760 గంటలు. ప్రతి ఒక్క వాట్ ఏడాదికి 8.76 యూనిట్లు. 60 వాట్ల పంపుకీ 30 వాట్ల పంపుకీ తేడా ఏడాదికి 263 యూనిట్లు. చవక పంపు ఎంత చవకో ఈ లెక్క వేశాక తేల్చండి. 2000 లీటర్లని ఒకటిన్నర మీటరు ఎక్కించడానికి నీటికి నిజంగా అందాల్సిన పని 8 వాట్లే. మిగతాదంతా వేడి, సుడులు, రాపిడి.

నీటిలో మునిగిన పంపు వేడంతా నీటిలోకే దిగుతుంది. 60 వాట్లు 450 లీటర్లని, ఎటూ చల్లారే దారి లేకపోతే, గంటకు డిగ్రీలో పదో వంతు వేడెక్కిస్తుంది. చలికాలంలో అది హీటరుకి సాయం. ఎండాకాలంలో శత్రువు: 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీరు సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే. నీటి బయట బిగించే పంపు కొంత వేడిని గాలికి వదిలేస్తుంది, కానీ అది తనంతట తాను నీరు పీల్చుకుని మొదలవలేదు, సంప్ నీటి మట్టానికి కిందే ఉండాలి. లీకుకి ఇంకో జాయింటు పెరిగినట్టు కూడా.

చెరువు, ఫౌంటెన్ పనులకి చేసే పెద్ద మోటార్లు కొన్నింటిలో చల్లబరచడానికి లోపల నూనె ఉంటుంది. సీల్ పోతే ఆ నూనె చేపల మీదికే. అవి ఇక్కడికి తేవద్దు. ఉప్పునీటి ట్యాంకైతే ఇరుసు సిరామిక్‌దై ఉండాలి, ఇత్తడి, రాగి భాగాలు ఏవీ ఉండకూడదు. రాగి రొయ్యలకీ పగడాలకీ విషం.

కరెంటు పోయినప్పుడు

పంపు ఆగగానే రిటర్న్ పైపు సైఫన్ అయిపోతుంది. ఎక్కిన దారినే నీరు వెనక్కి దిగుతుంది, పైపు మూతి నీటి నుంచి బయటపడి గాలి పీల్చేదాకా ఆగదు. నా ట్యాంకు నీటి మట్టం వైశాల్యం 9000 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక్కో సెంటీమీటరూ 9 లీటర్లు. మూతి 8 సెంటీమీటర్ల లోతులో ఉంటే 72 లీటర్లు. సంప్‌లో అంత ఖాళీ లేకపోతే నేల తడవాల్సిందే.

దీనికి నాన్ రిటర్న్ వాల్వ్ మందు అంటారు. నేనూ నమ్మాను. ఒకసారి విప్పి చూస్తే దాని రెక్కకీ సీటుకీ మధ్యలో మిరియపు గింజంత నత్త కూర్చుని ఉంది. రెక్క ఒక మిల్లీమీటరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆ మిల్లీమీటరులోంచి రాత్రంతా ట్యాంకు ఎంత ఖాళీ కావాలో అంతా అవుతుంది. పైపుకి నీటి మట్టం దగ్గర చిన్న రంధ్రం వేసి గాలి పీల్చుకునేలా చేయడం మంచి ఉపాయమే, దాన్నీ నాచు మూసేస్తుంది, నెలకోసారి పుల్లతో పొడవాలి. నేను చివరికి నమ్మింది రెండింటినే: మూతిని నీటి మట్టానికి రెండు సెంటీమీటర్ల లోతులోనే ఉంచడం, సంప్‌లో ఖాళీ వదలడం.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఇంకో టెన్షన్. నెలల తరబడి ఆగకుండా తిరిగిన పంపు లోపల సున్నపు పొర పెరుగుతుంది. తిరుగుతున్నంతసేపు ఆ ఊపులో నడిచిపోతుంది. ఒకసారి ఆగి చల్లబడ్డాక మళ్లీ మొదలవ్వలేక సన్నగా జుమ్మంటూ వణుకుతుంది. విప్పితే ఇరుసు చుట్టూ గరుకైన తెల్ల పెచ్చు, వేలితో గీకితే రాదు. వెనిగర్‌లో గంటసేపు వేస్తే బుసబుస పొంగి మెత్తబడుతుంది, పాత టూత్‌బ్రష్‌తో వదిలిపోతుంది. మూడు నెలలకోసారి ఇది చేస్తే చాలు. ఇంపెల్లర్ (అయస్కాంతానికి అతికిన ఆ రెక్కలు), ఇరుసు ఒక సెట్ ముందే కొని పెట్టుకోండి, పంపులో విరిగేది దాదాపు ఎప్పుడూ అదే. ఇంకా పెద్ద ట్యాంకులకి ఒక పెద్ద పంపు బదులు రెండు చిన్నవి పెట్టడం నాకు ఇష్టం. కరెంటు కొంచెం ఎక్కువ కాలుతుంది, కానీ ఒకటి ఆగిన రాత్రి రెండోది ఫిల్టరుకి ఊపిరి ఆడిస్తుంది.

సంప్‌లో నీరు ఆవిరై తగ్గేది చివరి గదిలోనే, అంటే పంపు ఉన్న చోటే. ఆ గది మరీ చిన్నదైతే రెండు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి పంపు గాలి మింగుతూ ట్యాంకు నిండా పాలలాంటి సన్నటి బుడగలు పోస్తుంటుంది. నీరే దానికి చల్లదనం, నూనె కూడా. ఎండితే ఎక్కువసేపు బతకదు. వైరు సాకెట్‌కి కిందుగా వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా కట్టండి, జారిన చుక్క ఆ వంపులోనే కింద పడిపోతుంది. ఈ లైనుకి 30 మిల్లీయాంప్ లీకేజీ బ్రేకరు ఉండి తీరాలి, నీళ్లలో చేయి పెట్టేది మనమే.

చప్పుడు గురించి ఎక్కువ చెప్పను. పంపు గాజుకి తగలకూడదు, కింద మందమైన స్పాంజీ ముక్క ఉండాలి, మూతికీ గట్టి పైపుకీ మధ్య జానెడు సిలికాన్ గొట్టం వేస్తే వణుకు పైకి ఎక్కదు.

అంతా బిగించాక చేపలు వేయకముందే ఒక పని చేయండి. పంపు నడుస్తుండగా సంప్‌లో మీరు అనుకున్న మట్టం దాకా నీరు నింపి, ప్లగ్ పీకేయండి. పక్కనే కూర్చోండి. ట్యాంకు నీరు దిగుతూ దిగుతూ పైన మూతి దగ్గర గుటుక్కుమని గాలి మింగిన చప్పుడు వస్తుంది, ఆ తర్వాత ఒకటి రెండు నిమిషాలకి సంప్ నీరు నిలకడగా ఆగుతుంది. అంచుకి కనీసం మూడు వేళ్ల వెడల్పు ఖాళీ మిగిలిందా చూడండి. మిగలకపోతే సంప్‌లోంచి కొంత నీరు తోడేసి మళ్లీ మొదటి నుంచి. మిగిలితే ప్లగ్ పెట్టి, నీరు కుదురుకున్నాక సంప్ గాజు మీద ఆ మట్టం దగ్గర టేపు అంటించండి. ఇంట్లో ఎవరు నీళ్లు పోసినా ఆ టేపు దాటి పోయకూడదు.